బామ్మగారికి రొయ్యలు, మనవడికి కొత్త గిన్నె

మన దగ్గర ఒక లెక్క ఉంది. బామ్మకి మడి, అమ్మకి సగం మడి, పిల్లలకి అసలేమీ పట్టదు. ఇజ్రాయెల్ నుంచో అమెరికా నుంచో ఒక యూదు కుటుంబం భోజనానికి వస్తోందంటే విశాఖలో చాలా ఇళ్ళలో ఇదే లెక్క వేస్తారు. యూదుల ఆచారంలో రొయ్యలూ, పందిమాంసమూ నిషిద్ధం కదా. పెద్దావిడకి పప్పూ అన్నం, కుర్రాడికి రొయ్యల వేపుడు. తీరా వడ్డించాక పెద్దావిడ రొయ్యల గిన్నె తనవైపు లాక్కుంటుంది, కుర్రాడేమో అరటిపండు ఒలుచుకుని కూర్చుంటాడు.

లెక్క తిరగబడడానికి నూటనలభై ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత అక్కడి యూదుల మీద దాడులు మొదలయ్యాయి. ప్రార్థన చేసుకుంటూ కూర్చుంటే గండం గడవదని కుర్రకారుకి అనిపించింది. 1897 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ జరిగితే, అక్టోబరులో రష్యా ఏలుబడిలోని విల్నాలో బుండ్ అనే సోషలిస్టు పార్టీ పుట్టింది. పాలస్తీనా వెళ్ళి హీబ్రూలో బతుకుదాం అన్నది జియోనిస్టుల దారి. ఉన్నచోటే ఉండి యిడ్డిష్‌లోనే (అక్కడి యూదులు ఇంట్లో మాట్లాడే భాష) కొట్లాడదాం అన్నది బుండ్ దారి. ఒకే ఇంట్లో అన్న ఇటు, తమ్ముడు అటు. తండ్రి పట్టిన ఆచారాన్ని పక్కన పెట్టడంలో మాత్రం ఇద్దరూ ఇంచుమించు ఒకటే.

పాలస్తీనా వెళ్ళినవాళ్ళు 1910లో దెగానియా అనే మొదటి కిబ్బుట్జ్ (ఉమ్మడి సేద్యపు పల్లె) పెట్టారు. భూమి ఉమ్మడి, వంటిల్లు ఉమ్మడి. చాలా కిబ్బుట్జుల్లో పిల్లలు రాత్రిళ్ళు కూడా అమ్మానాన్నల దగ్గర కాకుండా పిల్లల ఇంట్లోనే పడుకునేవారు. అక్కడ శ్రమే దైవం. మిజ్రా కిబ్బుట్జ్ అయితే పందిమాంసాన్నే వ్యాపారంగా నడిపింది. మీ ఇంటికొచ్చిన బామ్మగారు ఇలాంటిచోట పెరిగిన మనిషైతే, ఆవిడ రొయ్యలు తినడం ఆచారం జారిపోవడం కాదు, ఆవిడ పెరిగిన ఆదర్శమే అది. ఆ ఆదర్శమూ నిలవలేదనుకోండి. పిల్లల ఇళ్ళు 1990లకి మూతపడ్డాయి, 2007లో దెగానియా కూడా సమాన జీతాల పద్ధతి వదిలేసింది. ఆ ఖాళీలో పెరిగిన మనవళ్ళలో కొందరు ముత్తాత పక్కన పెట్టిన ధర్మగ్రంథం మళ్ళీ తెరిచారు.

అమెరికా శాఖ కథ వేరు. 1883లో సిన్సినాటి మతకళాశాలలో చదివిన తొలి రబ్బీల (యూదు మతగురువుల) పట్టాల విందుకి పీతలు, రొయ్యలు, కప్పకాళ్ళు వడ్డించారు. పందిమాంసం మాత్రం పెట్టలేదు! 1885లో పిట్స్‌బర్గ్‌లో కూడిన రిఫార్మ్ (సంస్కరణవాద) రబ్బీలు తిండి నియమాలు ఈ కాలానికి పనికిరావని తీర్మానించేశారు.

మన తెలుగు నేల మీదా యూదులున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే యూదు సముదాయపు కుటుంబాలున్నాయి. మాదిగ కుటుంబాలు, పెద్దలు బాప్టిస్టు చర్చికి వెళ్ళినవాళ్ళు. మేం ఎప్పటినుంచో యూదులమే అని వాళ్ళు చెబుతారు. సినగాగు (యూదుల ప్రార్థనాలయం) కట్టుకున్నది మాత్రం ఈ తరంవాళ్ళే.

ఇక వంట సంగతి. పెద్దావిడ ఒక్కరినే అడిగి అందరికీ అదే వండకండి. ఎవరి నియమం వాళ్ళని విడివిడిగా అడగాలి. మధ్య తరం మరీ తికమక పెడుతుంది. ఇంట్లో పందిమాంసం రానివ్వరు, హోటల్లో అభ్యంతరం లేదంటారు.

నియమం గట్టిగా పట్టే మనవడికి మాంసం ఊసెత్తకండి. హలాల్ వేరు, కోషర్ (యూదుల నియమానికి సరిపడే తిండి) వేరు. చేపకి రెక్కలూ పొలుసూ రెండూ ఉండాలి, ఆ పొలుసు చర్మం చిరక్కుండా ఊడి రావాలి. ఫిషింగ్ హార్బర్‌లో పండుగప్ప తీసుకుంటే పేచీ లేదు, గోరుతో గీకితే చాలు, పొలుసు లేస్తుంది. వంజరం, కనగర్త పనికొస్తాయి గానీ పొలుసు సన్నం, చూపించి నమ్మించడం కష్టం. వాలుగ, జెల్ల, సొర, పీత, రొయ్య వద్దు. అందరూ చేసే తప్పు చేప కోయించి, తోలు తీయించి తేవడం. పొలుసు కనపడని ముక్కని అతను తినడు. చేపని అలాగే తెచ్చి, అతని ఎదుటే, రొయ్యలు తగలని కత్తితో కోయండి.

నిషిద్ధమైనవి వండిన గిన్నెల లెక్క మన పెద్దలకి ఇట్టే అర్థమవుతుంది. మైలపడ్డ కుండ పారేసి, ఇత్తడిని తోమి వాడుకున్నట్టే. మట్టిపాత్రకి శుద్ధి లేదు. స్టీలు గిన్నెని మెరిసేలా తోమి, 24 గంటలు వాడకుండా ఉంచి, అంచు దాటి పొంగేలా నిండా నీళ్ళు మరిగించి, వెంటనే చన్నీళ్ళు పోయాలి. పిడి అతుకులో జిడ్డు మిగిలితే ఈ పనంతా వృథా. దోసెపెనం జోలికి పోకండి, దాన్ని ఎర్రగా కాల్చాలి.

అంత కష్టమెందుకు, కొత్తది కొంటానని అతనే అంటాడు. అప్పుడు ఇంకో మెలిక. యూదుడు కానివారి దగ్గర కొన్న లోహపు గిన్నెని సహజమైన నీళ్ళలో ముంచాలి. సముద్రం అందుకు పనికొస్తుంది, అది మనకి గుమ్మంలోనే ఉంది. ముందు ధర స్టిక్కరూ, దాని జిగురూ పూర్తిగా పోవాలి (కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఉంచితే వస్తుంది). జిగురు ఉన్నచోట నీళ్ళు తగలవు, ముంచినా చెల్లదు. గిన్నె మొత్తం ఒకేసారి మునగాలి, పట్టు కాస్త వదులు చెయ్యాలి. ఆర్కే బీచ్‌లో అల లాగుడు ఎక్కువ, గిన్నె చేజారితే దాని వెంట పరిగెత్తకండి. గిన్నె మీదే అయి, అతనికి వాడుకోడానికి ఇస్తే ముంచే పనే లేదు.

స్టవ్ వెలిగించేది అతనే కావాలి. తూర్పు యూరప్ మూలాలవాళ్ళకి వెలిగిస్తే చాలు, సెఫార్డీలైతే (స్పెయిన్ మూలాలవాళ్ళు) గిన్నె పొయ్యి మీద పెట్టేదీ వాళ్ళే. పురుగు కూడా నిషిద్ధం. గోంగూర, కాలీఫ్లవర్ కంటే బెండకాయ, దొండకాయ నయం.

శుక్రవారం పొద్దు గుంకగానే యూదుల విశ్రాంతి దినం (సబ్బాతు) మొదలవుతుంది, నిప్పు వెలిగించకూడదు. అందుకే వంట పొద్దు గుంకకముందే ముగియాలి. దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు పెడతారు. విశాఖలో నవంబరు చివర 5.20కి పొద్దు గుంకుతుంది గనక, ఆ వారం ఐదింటికల్లా పొయ్యి కట్టేయాలి. జూన్‌లో అయితే గంటా పావు వెసులుబాటు. ఇక శనివారం చీకటిపడి మూడు నక్షత్రాలు కనపడేదాకా అతను స్విచ్ ముట్టడు. మీరూ అలవాటుకొద్దీ అతని గది లైటు ఆర్పేయకండి, రాత్రంతా చీకట్లో కూర్చుంటాడు. ఫ్రిజ్ తలుపు తీస్తే వెలిగే బల్బు శుక్రవారం మధ్యాహ్నమే విప్పేయండి. బామ్మగారు ఆ ఫ్రిజ్‌లో చల్లని బీరు వెతుక్కుంటారు, ఆవిడకో టార్చిలైటు ఇవ్వండి.