ఆవిడకి అలవాటుందా?

నా రక్తపరీక్ష రిపోర్టులో జీజీటీ (లివర్ ఎంజైమ్ ఒకటి) ఎదురుగా 112 అని ఉంది. ఆ ల్యాబ్ లెక్కన ఆడవాళ్లకు 40 లోపు ఉండాలి. డాక్టరు గారు కాగితం చూసి, నా వైపు కన్నెత్తైనా చూడకుండా మా ఆయన్ని అడిగారు: "ఆవిడకి అలవాటుందా?"

కల్లు వాసన కూడా ఎరగని దాన్ని. మా ఆయన "లేదండీ" అన్నారు గానీ, అనే ముందు కాస్త ఆగారు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ మంటే.

మా చిన్న మామయ్య తాగి తాగి లివర్ చెడి, రక్తం కక్కుకుని పోయాడు. ఆ రాత్రంతా ఆయనే కళ్ల ముందు. బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకున్నాను. ట్యూబ్‌లైట్ వెలుతురులో పచ్చగా ఉందో లేదో తేలలేదు. ఫోన్ టార్చ్ వేసి మళ్లీ చూశాను. కుడి డొక్క కింద నొక్కితే నొప్పి. నొక్కినందుకు నొప్పో, లివరే నొప్పో! ఎల్ఐసీ కాగితాలు ఎక్కడున్నాయో అమ్మాయికి చెప్పలేదే అని ఒకటే టెన్షన్. పక్కన మా ఆయన గురక.

తర్వాత హెపటైటిస్ పరీక్షలు, స్కానింగ్ అయ్యాయి. గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, అంటే లివర్‌కి ఓ మోస్తరుగా కొవ్వు పట్టింది అన్నారు.

రెండో డాక్టరమ్మ సొరుగులోంచి టేపు తీసింది. టైలరు తప్ప నా నడుం కొలిచినవాళ్లు లేరు. 94 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80 దాటకూడదట. రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్స్, 210, ఎక్కువే; మంచి కొలెస్ట్రాల్ 38, తక్కువ; పరగడుపు షుగర్ 108, అదీ ఎక్కువే. బీపీ ఒక్కటే బాగుంది. "ఈ ఐదింట్లో మూడు తేడాగా ఉంటేనే మెటబాలిక్ సిండ్రోమ్, అంటే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే లక్షణాల గుంపు అంటాం, మీకు నాలుగున్నాయమ్మా" అంది. తాగుడు వల్ల జీజీటీ పెరిగేది నిజమేనట. పిత్తనాళం అడ్డుపడినా, కొన్ని ఫిట్స్ మందులు వాడినా పెరుగుతుందట. లివర్‌కి కొవ్వు పట్టి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోయినా అంతే. అదొక్కటే చూసి జబ్బు తేల్చకూడదు గానీ, అది ఎక్కువున్నవాళ్లకు ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని ఓపిగ్గా చెప్పింది. ఆవిడ చల్లగా ఉండాలి. మొదటాయనకి మాత్రం ఇవన్నీ తెలియవా? ఆ ప్రశ్నేదో నన్నే అడిగితే ఆయన సొమ్మేం పోయింది?

రాత్రి అన్నం మానేశాను, టీలో పంచదార మానేశాను, పొద్దున్నే నడక. 74 కిలోలున్నదాన్ని 67కి వచ్చాను. బరువులో దాదాపు పదో వంతు తగ్గినా లివర్ కొవ్వు బాగా కరుగుతుందని ఆవిడ చెప్పిన మాట నా విషయంలో నిజమైంది. జీజీటీ 46కి దిగింది. భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాను కూడా, ఎవరు నవ్వినా సరే. పక్కింటావిడ తెచ్చిచ్చిన లివర్ టానిక్ మాత్రం మూత తియ్యలేదు. మీరూ డాక్టర్ని అడగకుండా అలాంటివి తాగకండి.

మొన్న మా ఆయన నడుం కొలిచాను: 98. మగవాళ్లకు 90 దాటకూడదు. టెస్టుకి రమ్మంటే రేపు, ఎల్లుండి అంటున్నారు. ఆదివారం పొద్దున ల్యాబ్ అబ్బాయిని ఇంటికే రమ్మన్నాను. రక్తం ఇచ్చేదాకా కాఫీ లేదని చెప్పేశాను.