గేటు దాటని మా బుజ్జిది

ఈ కుక్కని దత్తత తెచ్చుకుని ఇవాళ్టికి 19 రోజులు. ఇంట్లో తోకూపుకుంటూ కాళ్లకి అడ్డం పడుద్ది, లీష్ చేతిలోకి తీసుకుంటే చాలు సోఫా కిందకి దూరిపోద్ది. రెండుసార్లు తిప్పితే అదే అలవాటైపోద్దిలే అని మొదటి వారం గుమ్మం దాకా లాక్కెళ్లా, అది నాలుగు కాళ్లూ నేలకి అతికించేసి, తోక ముడుచుకుని, ఊరికే ఆవలించడం, మూతి నాక్కోడం. నేనేమో నిద్రొస్తుంది కాబోలు అనుకున్నా! అవి భయానికి గుర్తులట. ఎంత లాగితే అంత మొండికేసేది, తప్పు నాదే.

నొప్పేమైనా ఉందేమోనని ముందు వెట్‌కి చూపించాం, ఏం లేదన్నారు. తర్వాత కాలర్ తీసేసి హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) తెచ్చా. దాన్ని నేలమీద పెట్టి చుట్టూ ట్రీట్లు చల్లి వదిలేశా, రెండ్రోజులకి వాసన చూసింది, ఇంకో రెండ్రోజులకి తొడిగించుకుంది, ఇంట్లోనే అటూ ఇటూ తిరిగాం. ఇప్పుడు రోజూ రాత్రి చప్పుడు తగ్గాక తలుపు తీసి ఇద్దరం మెట్టు మీద కూర్చుంటాం, అంతే, ఎక్కడికీ వెళ్లం. వాకింగ్ అంటే ఇదా అని ఇంట్లో నవ్వుతున్నారు, నవ్వుకోనీ.

దత్తత తెచ్చిన కుక్కలకి 3 రోజులు, 3 వారాలు, 3 నెలలు అని ఒక లెక్క చెప్తారు, భయం తగ్గడానికి, రొటీన్ అర్థమవడానికి, ఇది నా ఇల్లే అనుకోడానికి. దీనికి ఆ క్యాలెండర్ ఎవరూ చూపించినట్టు లేరు.

ఇవాళ మాత్రం తనే లేచి గేటు దాటి రెండడుగులేసి, స్తంభాన్ని తీరిగ్గా వాసన చూసింది. ఎక్కడో బైక్ స్టార్టయింది, ఒక్క ఉదుటున మళ్లీ సోఫా కిందకి.