చేల మధ్య తెల్ల చర్చి: ఎండ, దూరం, ఎక్స్‌పోజరు

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో చర్చిని ఫోటో తీయాలనుకుంటే, కెమెరా బయటికి తీయకముందే ఫోన్లో కంపాస్ చూసుకోండి. బలిపీఠం తూర్పున, వాకిలి పడమట పెట్టడం పాత పద్ధతి. అలాంటి చర్చికి ముఖం మీద ఎండ పడేది మధ్యాహ్నం దాటాకే. దారిని బట్టి కట్టిన వాటికి లెక్క మారుతుంది. ముఖ్యంగా ఉత్తరం వాకిలి చర్చి. మనం ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం దగ్గర కాబట్టి, డిసెంబరులో ఆ గోడకు రోజంతా ఎండ తగలదు. జూన్‌లో పొద్దు రోజంతా ఉత్తరం వైపే నడుస్తుంది, అప్పుడు ఉదయమో సాయంత్రమో వెళ్లాలి.

ఎక్కువ ఫోటోలు చెడేది సున్నం గోడ దగ్గరే. గోడ ఫ్రేమంతా నిండితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది, వెలుతురు పెంచే తగ్గించే సెట్టింగు (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) +1 పెట్టాలి. అదే చర్చిని శెనక్కాయ చేను అవతల నుంచి చిన్నగా తీస్తే అంతా తిరగబడుతుంది. ఎర్రమట్టి, మామిడితోపు ముదురు రంగులు కదా, మీటరు వాటిని చూసి వెలుతురు పెంచుతుంది. గోడ తెల్లకాగితంలా అయిపోయి గార పగుళ్లు, కిటికీ అంచుల నీడలు మాయమవుతాయి. రా ఫైల్లో (సెన్సరు పట్టినదంతా దాచే ఫైలు) కూడా అవి తిరిగి రావు. అక్కడ -2/3 నుంచి -1 దాకా తగ్గించి, హిస్టోగ్రాం (ఫోటోలో వెలుగునీడలు చూపే గ్రాఫ్) కుడి అంచును తాకకుండా చూసుకోవాలి. ఫోన్ అయితే గోడ మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుతురు కిందికి జరపండి.

గోపురం వెనక్కి వాలినట్టు పడుతోందంటే దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తారన్నమాట. గోపురం ఎత్తుకు నాలుగింతల దూరం వెనక్కి నడవండి. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సరున్న) కెమెరా మీద 50 ఎంఎం లెన్సుతో, కెమెరాను అడ్డంగా, మట్టంగా పట్టుకున్నా శిలువ ఫ్రేములోకి వస్తుంది, కింది సగంలో చేను ఉంటుంది. నాకైతే పల్లె చర్చి అందం ఆ చేనుతోనే.

కరెంటు తీగలు అడ్డొస్తే చెరువు కట్ట ఎక్కండి. ఆకాశం మీద కొట్టొచ్చినట్టు కనపడే తీగ, వెనక గుట్ట పడితే దాదాపు కలిసిపోతుంది. వానలు వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము ఉండదు, గుట్ట రాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

ఆదివారం ఆరాధన వేళ వద్దు. ఏ రోజు వెళ్లినా అయ్యగారిని అడిగాకే ఆవరణలో ట్రైపాడ్ పెట్టండి.

క్రిస్మస్ నక్షత్రం కావాలంటే డిసెంబరు మధ్యలో పొద్దు గూకేది 5:50 ప్రాంతంలో. ఆ తర్వాత పదిహేను, ఇరవై నిమిషాలకు నక్షత్రం వెలుగూ ఆకాశం నీలమూ సమానంగా తూగుతాయి. ఎల్‌ఈడీ వెలుగుకు గోడ మీద అడ్డచారలు పడుతుంటే సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) ఆపి, షట్టర్ వేగం 1/50 సెకను లేదా అంతకంటే నెమ్మదిగా పెట్టండి.