కాగితం వాటం

మన స్కూలు బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మొదటిసారి "రాస్తాను" అన్నాను. రెండోసారి "రాస్తున్నాను" అన్నాను. మూడోసారి, మనం టెలిగ్రామ్ అని పేరు పెట్టుకున్న మనిషే స్వయంగా చేసింది. ఇక రాయకపోతే నేను రాయలేదన్న సంగతి సాయంత్రానికల్లా బ్యాచ్ మొత్తానికీ తెలిసిపోతుంది. అందుకే కూర్చున్నాను. రెండు పేజీలకు మించకూడదట. ఇంకుసీసా గొడవ జోలికి పోవద్దని, మనం నిద్రగన్నేరు అని పిలిచేవాడు విడిగా మెసేజ్ పెట్టాడు. పోనులే. ఆ రోజు తలుపు దగ్గర కాపలా ఉన్నదెవరో నాకింకా గుర్తుంది, అంతే.

లెక్కల మాస్టారి గురించి ఎలాగూ పదిమంది రాస్తారు. నేను క్రాఫ్ట్ మాస్టారి గురించి రాస్తాను.

బుధవారం ఆఖరి పీరియడ్. సగంమంది గ్రౌండ్‌లో, పావుమంది మర్నాటి హోంవర్క్‌లో. మిగిలిన ఏడెనిమిదిమందిమి జిగురు గిన్నె చుట్టూ. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. ఇంటికెళ్లాక చేతులు ఎంత కడుక్కున్నా గోళ్ల సందుల్లో అదే జిగురు.

ఒకరోజు అందరికీ తలో కాగితం ఇచ్చి చించమన్నారు. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ఒకవైపు స్కేలు పెట్టి గీసినట్టు చిరిగింది. రెండోవైపు చిరుగు ఎటుపడితే అటు పోయింది. "కాగితానికీ వాటం ఉంటుందర్రా" అన్నారు మాస్టారు. "మిల్లులో తయారయ్యేటప్పుడే నార ఎక్కువగా ఒకవైపుకి పడుకుంటుంది. పుస్తకం వీపు ఎటుంటే వాటం అటే ఉండాలి." తర్వాత ఇంకో కాగితానికి ఒకవైపే తడి చేశారు. అది దానంతటదే గొట్టంలా చుట్టుకుపోయింది. గొట్టం పొడుగు ఎటుందో వాటమూ అటే అని చూపించారు.

ఇదంతా శ్రద్ధగా విన్నది నిద్రగన్నేరు ఒక్కడే. విని, మర్నాడు తన లెక్కల పరీక్ష పేపర్ తడిపి కిటికీలో పెట్టాడు. పదకొండు మార్కులూ ఊదారంగు మరకైపోయాయి. లెక్కల మాస్టారు వాణ్ణి చెవి పట్టుకుని క్రాఫ్ట్ రూముకి తీసుకొస్తే, మన మాస్టారు ఆ పేపర్ని వెలుతురుకెత్తి చూసి, "వాటం సరిగ్గానే పట్టాడండీ, మార్కులే ఎదురొచ్చాయి" అన్నారు. ఇది మీకందరికీ తెలిసిందే. ఆ తర్వాత ముప్పావుగంట సేపు నాకొక్కదానికే ఎండ్ పేపర్, అంటే అట్ట లోపలివైపు వేసే కాగితం, అతికించడం నేర్పారని మాత్రం ఎవరికీ తెలీదు.

తర్వాత పదో తరగతి, కాలేజీ, పెళ్లి, ఒక ఆఫీసులో పన్నెండేళ్లు. ఇవన్నీ కూడా జరిగాయి.

ఇప్పుడు చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు చేసి అమ్ముతున్నాను. మొదట్లో ఇంట్లో ఒక బల్ల మీదే అంతా. మొదటి పెద్ద ఆర్డర్ నూట ఇరవై పుస్తకాలు, బట్ట అట్టలు, వారం గడువు. ఏ4 కాగితాలు తెచ్చి సగానికి మడిచి కుట్టేశాం. ఏ4ని మడిస్తే ఏ5, దాన్ని మడిస్తే ఏ6, ఎంత మడిచినా పొడుగు వెడల్పుల నిష్పత్తి ఒక్కటే, రూట్ రెండు. ఆ రూట్ రెండు దేనికి పనికొస్తుందని అడిగి గోడకుర్చీ వేసింది నేనే కదా, అందుకని మడుస్తున్నంతసేపూ లోలోపల గర్వంగా ఉంది.

గడువు దగ్గరపడిందన్న టెన్షన్‌లో, అట్టలకు జిగురు రాసి, బరువు పెట్టకుండా ఫ్యాన్ కింద ఆరబెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అట్టలన్నీ దోసిలి పట్టినట్టు పైకి లేచి ఉన్నాయి. నూట ఇరవై దోసిళ్లు. ఒకటి మూసి చెయ్యి తీస్తే, మెల్లగా, ఎవరో లోపలినుంచి తోస్తున్నట్టు తెరుచుకుంది.

జిగురు మంచిది కాదనుకున్నాను. బట్ట అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. కాసేపటికి నా చెయ్యే ఒక కాగితం తీసి నిలువుగా చించింది. స్కేలు గీత. అడ్డంగా చించితే వంకర. మామూలుగా దొరికే ఏ4లో ఎక్కువ వాటికి వాటం పొడుగువైపే ఉంటుంది. సగానికి మడిస్తే అది వీపుకి అడ్డంగా పడుతుంది. అట్టముక్కలూ అలాగే, ఎటు వీలైతే అటు కోసేశాను. తడి తగిలితే కాగితం వాటానికి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది, ఆరేటప్పుడు అటే లాక్కుంటుంది. అట్ట బయట బట్ట లాగుతుంటే లోపల ఎండ్ పేపర్ దానికి సరిగ్గా ఎదురు లాగాలి, ఆరేదాకా పైన బరువుండాలి. ఆ ముప్పావుగంటలో మాస్టారు చెప్పిందంతా ఇదే. నాకప్పుడు ఇంటి బస్సు మీదే ధ్యాస.

ఆర్డర్ ఇచ్చినావిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పది రోజులు గడువిచ్చింది. అట్టలు ఊడదీసి, పెద్ద షీట్లు కొని, వాటం చూసి కోసి, మొత్తం మళ్లీ కుట్టాం. లాభం సంగతి అడక్కండి. అప్పటికి లాభం లెక్కేయడమూ రాదు నాకు. కాగితం, దారం, అట్ట ఖర్చు కూడి, దానిమీద కొంచెం వేసి ధర చెప్పేదాన్ని. ఒకసారి గడియారం ముందు పెట్టుకుని చూస్తే ఒక్కో పుస్తకానికి గంటా నలభై నిమిషాలు పడుతోంది. ఆ గంటా నలభై నిమిషాలు ఏ లెక్కలోనూ లేవు. మన బ్యాచ్‌వాళ్లు "మనకి కూడా అదే రేటా?" అని అడిగినప్పుడు నేనెందుకు నవ్వి ఊరుకుంటానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మిగతావి చిన్నచిన్నవి. అట్ట మీద పేరు అచ్చేస్తూ ఒక పెళ్లికొడుకు ఇంటిపేరు మార్చేశాను. ఒకాయన సరిగ్గా తొంభై పేజీలే కావాలన్నాడు. మడతకి నాలుగు పేజీలొస్తాయి, ఎనభై ఎనిమిదో తొంభై రెండో తప్ప తొంభై రాదంటే, నేను మోసం చేస్తున్నాననుకున్నాడు. 2024 డైరీలు పాత ఏడాది ఫైల్ మీదే తయారుచేసి, ఫిబ్రవరి 29 మరిచిపోయాను. ఒక్క పేజీయే కదా, అతికిద్దామనుకున్నాను. కానీ మార్చి 1 నుంచి డిసెంబర్ దాకా వారాలన్నీ ఒకరోజు వెనక్కి పోయాయి. శుక్రవారం కావాల్సింది గురువారమైంది. అప్పటినుంచి తేదీల్లేని డైరీలే చేస్తున్నాను. అవైతే జనవరి దాటాక కూడా అమ్ముడుపోతాయి.

ఇప్పుడు నలుగురం పనిచేస్తున్నాం. సొంత ప్రెస్సు ఉంది, ఇనుపది, చక్రం తిప్పి పుస్తకాల్ని బిగించేది. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటిరోజు సూదీదారం ఇవ్వను. ఒక కాగితం ఇచ్చి చించమంటాను.

మాస్టారు ఇప్పుడెక్కడున్నారో కమిటీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఒక పుస్తకం పంపాలి. ఆయన దాన్ని తెరిచి చదవరు, నాకు తెలుసు. అట్ట వంచి చూస్తారు.

ఇంకో మాట. సంచిక పిన్ను కొట్టే పుస్తకమేననీ, తొంభై పేజీలనీ టెలిగ్రామ్ చెప్పింది. తొంభై రాదు, పైన రాశాను చూడండి. తొంభై రెండు చేయక తప్పదు. కాబట్టి ఈ వ్యాసం మూడో పేజీలోకి పాకినా ఎవరూ కత్తెర పట్టుకోకండి, చోటుంటుంది.