గుట్టకు అటూ ఇటూ

దేవరకొండ దిక్కు మా ఊళ్లె గుట్ట మీద వైఫై డబ్బా పెట్టిన. అటు మామ ఇల్లు, ఇటు మాది. ఒక్కరు వాడితే మంచిగుంటది, ఇద్దరం వాడితే నత్తనడక. "ఖరాబు డబ్బా తెచ్చినవ్ అల్లుడా" అని మామ ఒకటే పోరు.

డబ్బాది తప్పు కాదు. వైఫై పంపే ముందు గాలిని వింటది. తోటి వైఫై సిగ్నల్ మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) అంత సన్నగ వినవడ్డా ఆగాలె. కానీ నడుమ గుట్టాయె! మామ ఫోన్ నా ఫోన్‌కు వినరాదు, నాది ఆయనకు వినరాదు. రెండూ ఖాళీ అనుకొని ఒక్కసారే పంపితే, డబ్బా కాడ గుద్దుకునుడే. హిడెన్ నోడ్ అంటే ఇదే.

ఆర్‌టీఎస్, సీటీఎస్ అనే, అడిగి పంపే పద్ధతి ఆన్ చేసిన. ఇప్పుడు ముందుగాల డబ్బాను అడగాలె. అది ఒకరికి "సరే" అంటే ఇద్దరికీ వినవడ్తది, రెండోది ఆగుతది. అడిగేతందుకు కొంచెం టైం పోతది, అయినా నయమే. మామ మాత్రం కొత్త డబ్బా తెచ్చిన అనుకుంటున్నడు.