నాలుగేళ్ళ కార్డు, పదేళ్ళ సీసా

తూలూజ్ విమానాల కంపెనీల్లోనో, పారిస్ శివారు లా దెఫాన్స్ ఆఫీసుల్లోనో కుదురుకున్న మనవాళ్ళలో చాలామందికి రెండో ఏడు తిరిగేసరికి ఒక సరదా పుడుతుంది: లేత రెడ్ వైన్ కొని, దాచి, పక్వానికి వచ్చాక తెరవాలని. దుకాణానికి వెళ్ళేముందు చూసుకోవాల్సింది వైన్ ఏ ఏటిదన్నది కాదు, చేతిలో ఉన్న రెసిడెన్స్ కార్డు ఎప్పటిదాకా ఉందన్నది. నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకి ఫ్రాన్స్ ఇచ్చే టాలెంట్ కార్డు ఒక విడతకి ఇచ్చేదే గరిష్ఠంగా నాలుగేళ్ళు. మంచి పొయాక్, ఎర్మితాజ్ లాంటి వైన్‌లు పదేళ్ళకి గానీ నోరు విప్పవు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మన కస్టమ్స్ వాళ్ళు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే రానిస్తారు. అంటే 750 మి.లీ. సీసాలు రెండు. మిగతావి తోటి ఉద్యోగుల పాలే.

అందుకని నాలుగైదేళ్ళ ఉద్యోగానికి వచ్చినవాళ్ళు మూడు నుంచి ఆరేళ్ళలో తయారయ్యే రకాలు కొనడం మేలు: రోన్ లోయ ఎగువన క్రోజ్-ఎర్మితాజ్, సాఁ-జోసెఫ్, లువార్‌లో షినోఁ, బోజొలేలో మోర్గోఁ, మెదోక్‌లో క్రూ బూర్జ్వా హోదా ఉన్నవి. పన్నెండు నుంచి పాతిక యూరోల మధ్య మంచివే దొరుకుతాయి. ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు కోర్నాస్, బాందోల్, మదిరాఁ, సాఁతెస్తెఫ్ వైపు వెళ్ళొచ్చు. తూలూజ్‌లో ఉండి కూడా బోర్డో పేర్ల వెంటే పడటం నాకెప్పుడూ అర్థం కాదు. ఉత్తరాన కారులో పోయేంత దూరంలోనే కావోర్ ఉంది. కనీసం 70 శాతం మాల్బెక్ ద్రాక్షతో చేసే ఆ వైన్‌కి ఉన్న పట్టు, అదే డబ్బుకి బోర్డోలో దొరకడం కష్టం. నవంబర్ మూడో గురువారం ఊరంతా హడావిడి చేసే ఆ ఏటి కొత్త వైన్ బోజొలే నువో మాత్రం దాచుకునేది కాదు, ఆ చలికాలంలోనే తాగేసేది.

దాచదగ్గ వైన్‌ని పట్టడానికి మన నాలుక చాలు. ఫ్రెంచివాళ్ళు టానిన్ అనేది మన వగరే. నిలవుండే లేత వైన్‌లో ఆ వగరు వక్క నమిలినట్టు చిగుళ్ళని పట్టేయాలి, దాని వెనక పులుపు నోరూరించాలి, రెంటి మధ్యా పండు రుచి స్పష్టంగా తెలియాలి. వగరుండి పండు లేకపోతే, వగరు తగ్గేనాటికి సీసాలో మిగిలేది ఏమీ ఉండదు. పులుపు తక్కువై ఆల్కహాల్ 15 శాతం దగ్గరున్నవాటితోనూ జాగ్రత్త. అనుమానం ఉంటే ఒక్క సీసా కొని సగం తాగి, మిగతాదానికి బిరడా పెట్టి బల్ల మీదే వదిలేయండి. మర్నాడు, మూడోనాడు రుచి చూడండి. మర్నాటికి ఇంకా బాగుంటే మరో అయిదు కొనొచ్చు. చప్పబడితే ఆ వైన్‌కి ఆయుష్షు లేనట్టే.

సెప్టెంబర్‌లో సూపర్‌మార్కెట్లు పెట్టే వైన్ సంతల్లో ధరలు బాగుంటాయి గానీ, దీపాల కింద నిలబెట్టిన సీసా వద్దు. విప్పని పెట్టె అడగండి. నవంబర్ చివర్లో పారిస్ పోర్త్ ద వెర్సాయ్‌లో స్వతంత్ర వైన్ రైతుల సంత జరుగుతుంది. అక్కడ పండించినవాళ్ళే పోసి రుచి చూపిస్తారు. ఎన్నేళ్ళు ఆగాలో వాళ్ళనే అడగొచ్చు. చక్రాల బండి తీసుకెళ్ళండి, రుచి చూసింది ఉమ్మేయండి. ఇక ఆఁ ప్రిమర్ అని బోర్డో వైన్ పీపాల్లో ఉండగానే అమ్ముతారు. డబ్బు ఇప్పుడు, సీసాలు దాదాపు రెండేళ్ళకి, అప్పుడు మళ్ళీ 20 శాతం పన్ను. రెండేళ్ళ తర్వాత ఏ దేశంలో ఉంటారో తెలియనివాళ్ళకి అది తగని బేరం.

లేబుల్ మీద సాఁతెమిలియోఁ గ్రాఁ క్రూ అని ఉంటే మురిసిపోకండి. అది ప్రాంతం పేరు. అక్కడి వైన్ ఎస్టేట్ల వర్గీకరణలో చోటు దక్కినవాటి మీద గ్రాఁ క్రూ క్లాసే అని ఉంటుంది. 'ముసలి తీగలు' అనే మాటకి చట్టంలో వయసు నిర్ణయించలేదు. ఏడాది విషయానికొస్తే, 2021 వసంతంలో మంచు కొట్టింది, బోర్డో పల్చబడింది, ఎక్కువభాగం త్వరగా తాగాల్సినవి. 2016, 2019 నిలవకి నమ్మకమైనవి.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా దాచే చోటే. అద్దె ఒప్పందంలో 'కావ్' అని ఉంటే నేలమాళిగలో ఒక గది మీది. జూలైలో రెండు వారాలు అక్కడ థర్మామీటర్ పెట్టి చూడండి. పన్నెండు డిగ్రీలు ఆదర్శం. చలికాలం పది, ఎండాకాలం పదిహేడు అయినా, మార్పు నెమ్మదిగా జరిగితే ఫర్వాలేదు. పొద్దున్నొకటి సాయంత్రమొకటి అయితే వైన్ వ్యాకోచించి, సంకోచించి, బిరడా పక్కనుంచి గాలి పీల్చుకుంటుంది. పైన హీటింగ్ గొట్టాలు పోతున్న గది పనికిరాదు. తేమ డెబ్బై శాతం మంచిది గానీ అట్టపెట్టెలు కుళ్ళి కూలిపోతాయి. సీసాలు తీసి పడుకోబెట్టండి, లేబుల్‌కి పల్చటి ప్లాస్టిక్ చుట్టండి. పెయింట్ డబ్బాలు పక్కన వద్దు. కావ్ లేనివాళ్ళు వైన్ ఫ్రిజ్ కొంటే ఏళ్ళ తరబడి నిలవుంచే 'వియెయిస్మాఁ' రకమే కొనాలి. 'సెర్విస్' అన్నది వడ్డించే ముందు చల్లబరచడానికే. వంటింటి ఫ్రిజ్ నెలల తరబడి బిరడాని ఎండబెడుతుంది.

ఆరు సీసాలుంటే మూడో ఏట ఒకటి తెరవండి. మూసుకుపోయినట్టుంటే కంగారు పడొద్దు, మధ్యలో మూగబోయే దశ ఒకటుంటుంది. ఏడాది ఆగి మళ్ళీ చూడండి. తడిసిన అట్ట వాసనొస్తే అది బిరడా జబ్బు, ఎన్నేళ్ళు ఆగినా పోదు. ఇలాంటి వైన్‌కి తోడుగా పచ్చిమిర్చి వేసిన కూర మాత్రం పెట్టకండి, కారం తగిలితే వగరు రెట్టింపవుతుంది.

ఇంటికి తెచ్చే ఆ రెండు సీసాలూ డిసెంబర్ ప్రయాణంలో తెచ్చి ఆ నెలలోనే తాగేయండి. మే నెల దాకా బెజవాడ ఇంటి అల్మరాలో ఉంచితే వైన్ ఉడికి, బిరడాని పైకి తోసేస్తుంది.