గుల్ల

మా మేడ మీద బాత్రూమ్‌లో టైల్స్ నేనే వేశాను. గొప్ప చెప్పుకోవడానికేం లేదు, అదే నేల మీద రెండుసార్లు వేశాను.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. 1978లో కట్టిన ఇల్లు. ఇక్కడి చాలా ఇళ్లలాగే మేడ మీద స్లాబ్ ఉండదు. 16 అంగుళాలకో చెక్క దూలం, వాటి మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్, అంతే. దాని మీద పాతకాలం వినైల్ షీటు ఉండేది. మా అమ్మ వచ్చినప్పుడు అలవాటు కొద్దీ బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు కుమ్మరించి చీపురుతో కడిగింది. అమ్మ తప్పేం లేదు, బాత్రూమ్ నేలలో తూము ఉండదని ఆమెకెవరు చెప్పారు? మర్నాటికి కింద డైనింగ్ రూమ్ సీలింగ్ మీద టీ మరకలాంటిది తేలింది. షీటు లేపితే టాయిలెట్ చుట్టూ ప్లైవుడ్ నల్లబడి, తాపేశ్వరం కాజాలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. అది ఒక్క బకెట్‌తో అయ్యేది కాదులెండి, టాయిలెట్ కింద నీళ్లు కారకుండా పెట్టే మైనపు రింగు ఎన్నేళ్లుగా కారుతోందో.

కుళ్లిన ముక్క కోసేసి కొత్త ప్లైవుడ్ బిగించాను. దాని మీద సిమెంట్ బోర్డు పరిచి, ఎనిమిది అంగుళాలకో స్క్రూ కొట్టి, టైల్స్ అంటించాను. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే తెనాలి నుంచి పెదనాన్న కూడా మెచ్చుకున్నాడు.

ఎనిమిది నెలలకి నాన్న వచ్చాడు. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున నాలుగింటికే లేచి, ఏం తోచక బాత్రూమ్ గుమ్మంలో గొంతుక్కూర్చుని, తాళంచెవితో ఒక్కో టైలూ కొడుతున్నాడు. ఆ చప్పుడుకి మెలకువొచ్చింది.

"ఇది గుల్లమ్మాయ్. ఇదీ గుల్లే. ఇది పర్లేదు."

టైల్స్ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ అప్పటికే వెంట్రుకలా చీలి, గోరు పెడితే పొడి రాలుతోంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్న సంగతి అది.

తప్పు ఎక్కడో నాకు తెలుసు. సిమెంట్ బోర్డు కింద కూడా పల్చగా మాలు పరవాలి. స్క్రూలు కొడుతున్నాం కదా, మళ్లీ మాలెందుకని ఎగ్గొట్టాను. ఆ మాలు బోర్డుని అంటించడానికి కాదు, బోర్డుకీ ప్లైవుడ్‌కీ మధ్య ఖాళీలు పూడ్చడానికి. ఖాళీ ఉంటే అడుగు పడ్డప్పుడల్లా బోర్డు కిందికి దిగి లేస్తుంది. కంటికి కనపడనంతే, కానీ గ్రౌట్‌కి తెలుస్తుంది. అసలు చెక్క నేలే వంగుతుంది. బరువు పడ్డప్పుడు దూలం తన పొడవులో 360వ వంతు కంటే ఎక్కువ వంగకూడదని టైల్ వాళ్ల లెక్క. 12 అడుగుల దూలానికి అది అర అంగుళం కూడా ఉండదు.

మాలు పెట్టలేదు కాబట్టి ఊడదీయడం మాత్రం సులువైంది. స్క్రూలు విప్పితే బోర్డు టైల్స్‌తో సహా పలకలుగా లేచొచ్చింది.

రెండోసారి నాన్న పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. ఆయనకి తెలిసిన టైల్స్ పని వేరు. స్లాబు మీద ఇసుక సిమెంటు పరిచి, సిమెంట్ పాలు పోసి, టైల్ పెట్టి రబ్బరు సుత్తితో తట్టడం. నేను సంచిలో వచ్చే మాలు పొడి నీళ్లతో కలిపి పది నిమిషాలు పక్కన పెడితే, "పిండి నానబెడుతున్నావా?" అన్నాడు. నిజంగా పిండి లెక్కే. ఇడ్లీ పిండిలా జారితే పనికిరాదు, గారెల పిండిలా నిలబడాలి. పళ్ల తాపీతో గీస్తే గీతలు కూలకుండా నిలవాలి. మొదటి టైల్ పెట్టి, నొక్కి, మళ్లీ పీకి వెనక చూశాను. మూలల్లో మాలు అంటలేదు. అప్పట్నుంచి ప్రతి టైల్ వెనకా కూడా ఓ పూత పూశాను.

గోడ వారన పావు అంగుళం సందు వదిలితే నాన్నకి అస్సలు నచ్చలేదు.

"అందులోకి నీళ్లు పోవూ?"

"సిలికాన్ పెడతాను నాన్నా. ఎండాకాలం చెక్క ఉబ్బుతుంది, చలికాలం హీటర్‌కి ఎండి ముడుచుకుంటుంది. సందు లేకపోతే టైల్స్ లేచిపోతాయి."

"నేల కదలడమేంటే," అన్నాడు, కానీ ఆ తర్వాత అడ్డు చెప్పలేదు.

టబ్బు పోగా మిగిలిన చోటుకి ముప్ఫై దాకా టైల్స్ పట్టాయి. గ్రౌట్ కూడా ఆరాక నాన్న తాళంచెవి తీశాడు. అన్నీ గట్టిగానే పలికాయి, గుమ్మం పక్కన ఒక్కటి తప్ప. దాని మీద డోర్‌మ్యాట్ వేశాను. ఆయన రోజూ పొద్దున్నే మ్యాట్ ఎత్తి, కొట్టి చూసి, మళ్లీ కప్పేస్తున్నాడు.